హార్మోను ఒక్కటే చాలదు!

"మాష్టారూ, ఒకే మాత్ర ఒకచోట పని ఆపి, ఇంకోచోట అదే పని చేయిస్తుందా?"

మధురవాడలో మా బడి గంట కొట్టాక, సుద్దముక్కలు సర్దుకుంటున్న నన్ను ఆపి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మమ్మకు రొమ్ము కాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. ఇప్పుడు రోజూ టామాక్సిఫెన్ అనే మాత్ర వేసుకుంటోంది. ఆసుపత్రికి ఈ అమ్మాయే తోడు వెళ్ళింది. "ఈ మాత్ర రొమ్ములో ఈస్ట్రోజన్ అనే హార్మోను పనిని అడ్డుకుంటుంది. గర్భాశయంలో మాత్రం కొంతవరకు ఈస్ట్రోజన్ లాగే పనిచేస్తుంది. కాబట్టి రక్తస్రావం కనబడితే ఆలస్యం చేయకుండా రండి" అని డాక్టరుగారు చెప్పారట.

ఆ పిల్లకు అనుమానం వచ్చింది. మాత్ర ఒక్కటే. మనిషి ఒక్కరే. ఒళ్ళంతా తిరిగే రక్తమూ ఒక్కటే. మరి రెండు విరుద్ధమైన పనులు ఎలా జరుగుతాయి?

మంచి ప్రశ్న. తొందరపడి జవాబు చెబితే తప్పు చెప్పేవాణ్ణి. అందుకే "రెండు రోజులు గడువియ్యమ్మా" అన్నాను. ఆ రెండు రోజుల తరువాత ఆమెకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

గొంతు ఎందుకు మారుతుంది?

ముందు మీకు బాగా తెలిసిన సంగతితో మొదలుపెడదాం. మీ తరగతిలో మగపిల్లల గొంతులు గమనించారా? నిన్నమొన్నటిదాకా ప్రార్థనలో తీయగా పాడిన కుర్రవాడు ఇవాళ నోరు తెరిస్తే సగం మాట బొంగురుగా, సగం మాట కీచుగా వస్తుంది. అందరూ నవ్వుతారు. వాడు సిగ్గుపడి పాడటమే మానేస్తాడు. నవ్వకండి! అతని స్వరపేటిక పెరుగుతోంది, స్వరతంత్రులు సాగి మందమవుతున్నాయి. ఈ పని చేయించేది వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరోన్ అనే హార్మోను.

టెస్టోస్టిరోన్, ఈస్ట్రోజన్, మూత్రపిండాల మీద టోపీల్లాగా కూర్చున్న అధివృక్క గ్రంథుల్లో పుట్టే కార్టిసాల్ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిని స్టెరాయిడ్ హార్మోనులు అంటారు. మన శరీరం వీటన్నిటినీ కొలెస్టరాల్ నుంచే తయారుచేస్తుంది. ఇవి చిన్న అణువులు, కొవ్వులో కరుగుతాయి. కణత్వచంలో ఉన్నదీ ప్రధానంగా కొవ్వు పదార్థమే కనుక ఇవి దాన్ని సులువుగా దాటి లోపలికి పోగలవు.

ఇక్కడే మొదటి చిక్కు. టెస్టోస్టిరోన్ రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. గొంతుకు ఎంత అందుతుందో అరికాలికీ అంతే అందుతుంది. గొంతులో మార్పు వస్తుంది, పై పెదవి మీద నూనూగు మీసం వస్తుంది. అరికాలి మీద మీసం రాదేం?

గ్రాహకాల సంగతి

ఈ చిక్కును విప్పడానికి దారి చూపినవాడు ఎల్వుడ్ జెన్సెన్. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో 1950ల చివర్లో ఆయన ఒక చక్కని ప్రయోగం చేశాడు. ఈస్ట్రోజన్ అణువులోని కొన్ని హైడ్రోజన్ పరమాణువుల స్థానంలో రేడియోధార్మికత గల ట్రిటియంను పెట్టి, ఆ హార్మోనును ఆడ ఎలుకపిల్లలకు ఇచ్చాడు. రేడియోధార్మికత వల్ల హార్మోను ఎక్కడికి పోతోందో కనిపెట్టవచ్చు. అది అన్ని అవయవాలకూ వెళ్ళింది. చాలా అవయవాల నుంచి త్వరగానే బయటికి పోయింది. గర్భాశయం లాంటి కొన్ని అవయవాల్లో మాత్రం చాలాసేపు నిలిచిపోయింది.

అంటే ఆ కణాల్లో హార్మోనును పట్టి ఉంచేది ఏదో ఉంది. అదే గ్రాహకం. ఇది ఒక ప్రోటీను. హార్మోను వచ్చి కూర్చోవడానికి ఇందులో ఒక గుంట ఉంటుంది. డి.ఎన్.ఏ.ను పట్టుకోవడానికి మరొక భాగం ఉంటుంది. హార్మోను వచ్చి గుంటలో కూర్చోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. అప్పుడది డి.ఎన్.ఏ. మీద తనకు తగిన చోటును పట్టుకుని, దానికి సంబంధించిన జన్యువు చేత పని చేయిస్తుంది. జన్యువు పనిచేయడం అంటే ఏమిటి? అందులోని సమాచారానికి ఆర్.ఎన్.ఏ. నకలు తయారవడం, ఆ నకలును చూసి కణం ప్రోటీను తయారుచేయడం.

"హార్మోను జన్యువుల మీదే పనిచేస్తుందని ఏమిటి నమ్మకం?" అని మీరు అడగవచ్చు. కళ్ళారా చూసిన నిదర్శనం ఉంది. కైరోనోమస్ అనే చిన్న ఈగజాతి పురుగు లార్వాలో లాలాజల గ్రంథి క్రోమోజోములు చాలా పెద్దవి. సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనబడతాయి. 1960లో జర్మనీ శాస్త్రజ్ఞులు క్లెవర్, కార్ల్‌సన్‌లు ఈ లార్వాలకు ఎక్డైసోన్ ఎక్కించారు. అది పురుగుల చేత కుబుసం విడిపించే స్టెరాయిడ్ హార్మోను. గంట తిరగకముందే క్రోమోజోము మీద ఒక నిర్ణీతమైన చోట పూరీలాగా పొంగు వచ్చింది! ఆ పొంగినచోట జన్యువులు మేలుకుని ఆర్.ఎన్.ఏ. తయారుచేస్తున్నాయన్న మాట.

మనుషుల్లో ఈ గ్రాహకాల కుటుంబం పెద్దది. మొత్తం 48 ఉన్నాయి. స్టెరాయిడ్లకే కాదు, థైరాయిడ్ హార్మోనుకు, విటమిన్ డి.కి, విటమిన్ ఎ.కు సంబంధించిన గ్రాహకాలు కూడా ఈ కుటుంబంలోవే.

ఒకే ముహూర్తం, ఒకే మేళం

అరికాలి చిక్కు చాలావరకు విడిపోయింది. కాని మన అమ్మాయి ప్రశ్న అలాగే ఉంది. ఎందుకంటే రొమ్ము కణాల్లోనూ ఈస్ట్రోజన్ గ్రాహకం ఉంది, గర్భాశయ కణాల్లోనూ అదే గ్రాహకం ఉంది. తాళం ఒక్కటే, తాళంచెవీ ఒక్కటే. తలుపు ఒకచోట తెరుచుకుని మరొకచోట ఎందుకు తెరుచుకోదు?

శాస్త్రజ్ఞులకు 1980ల చివర్లో మరో తమాషా సంగతి కనబడింది. ఫ్రాన్సులో పియర్ షాంబోఁ బృందం ఒక కణంలోకి ఒక రకం గ్రాహకాన్ని అవసరానికి మించి ప్రవేశపెట్టింది. అప్పుడు అదే కణంలో రెండో రకం గ్రాహకం పని తగ్గిపోయింది. రెండింటి హార్మోనులు వేరు. అయినా ఒకటి ఎక్కువైతే రెండోది ఎందుకు నీరసించాలి?

మన ఊళ్ళో సంగతి ఆలోచించండి. శ్రావణమాసంలో మంచి ముహూర్తం. రెండు వీధుల్లో రెండు పెళ్ళిళ్ళు. ఊళ్ళో సన్నాయి మేళం ఒక్కటే. మొదటి పెళ్ళివారు మేళాన్ని మొత్తం తమ ఇంటికే తీసుకుపోతే రెండో ఇంట్లో పెళ్ళి మూగపోతుంది. ఆ పెళ్ళికొడుకులో లోపం లేదు, పురోహితుడిలోనూ లోపం లేదు. కావలసింది మేళం. అలాగే ఈ రెండు గ్రాహకాలకూ ఉమ్మడిగా అవసరమైన సహాయకులు ఎవరో కణంలో ఉన్నారు, వాళ్ళు కొద్దిమందే ఉన్నారు అని శాస్త్రజ్ఞులు ఊహించారు.

ఊహ నిజమైంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని బేలర్ వైద్య కళాశాలలో బెర్ట్ ఓమాలీ బృందం 1995లో అలాంటి సహాయక ప్రోటీనును పట్టుకుంది. దానికి ఎస్.ఆర్.సి.-1 అని పేరు పెట్టారు. ఇలాంటి ప్రోటీన్లనే సహోత్తేజకాలు అంటాం. ఇవి స్వయంగా డి.ఎన్.ఏ.ను వెతికి పట్టుకోలేవు. హార్మోనుతో కూడిన గ్రాహకాన్ని అంటిపెట్టుకుని, దాని ద్వారా జన్యువు దగ్గరికి చేరతాయి.

సహోత్తేజకాలు చేసే పనులు

అక్కడికి చేరి ఏం చేస్తాయి? ముఖ్యంగా రెండు పనులు.

మొదటిది, ముడి వదులు చేయడం. మన ఒక్క కణంలో ఉన్న డి.ఎన్.ఏ.ను సాగదీస్తే దాదాపు 2 మీటర్ల పొడవు ఉంటుంది. అంత పొడవు దారం కంటికి కనబడని కేంద్రకంలో ఇమడాలంటే ఉండలకు చుట్టక తప్పదు. హిస్టోనులు అనే ప్రోటీన్లే ఆ ఉండలు. డి.ఎన్.ఏ.కు ఋణావేశం, హిస్టోనులకు ధనావేశం. విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయని మీరు భౌతికశాస్త్రంలో చదివారు కదా! అందుకే దారం ఉండను గట్టిగా కరుచుకుని ఉంటుంది. అంత బిగువుగా చుట్టుకుని ఉన్న జన్యువును చదివి నకలు తీయడం కష్టం. కొన్ని సహోత్తేజకాలు హిస్టోనులకు ఎసిటైల్ సమూహాలను తగిలిస్తాయి. దానితో హిస్టోనుల ధనావేశం తగ్గుతుంది, పట్టు సడలుతుంది, జన్యువు బయటపడుతుంది.

రెండోది, వంతెన కట్టడం. ఆర్.ఎన్.ఏ. నకలు తీసే యంత్రం ఒకటుంది. దాని పేరు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్. గ్రాహకం ఒకచోట, ఈ యంత్రం మరొకచోట ఉంటాయి. వీటి మధ్య సుమారు 30 ప్రోటీన్లు కలిసి ఒక గుంపుగా నిలబడి ఒకదాని మాటను మరొకదానికి అందిస్తాయి. ఈ గుంపుకు మీడియేటర్ అని పేరు. మధ్యవర్తి అని అర్థం. దీని ఉనికిని మొదట ఈస్ట్‌లో చూపిన రోజర్ కోర్న్‌బర్గ్‌కు జన్యువుల నకలు తీసే విధానంపై చేసిన కృషికి 2006లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

విశాఖ రేవులో ఓడ వచ్చి లంగరు వేసినంత మాత్రాన సరుకు దిగదు. గోదాము తలుపు తీయాలి, క్రేను నడవాలి, కళాసీలు రావాలి. హార్మోను వచ్చి గ్రాహకంలో కూర్చోవడం ఓడ రావడం లాంటిది. తరువాతి పనంతా సహోత్తేజకాలది.

షికాగోలో ఒక తెలుగు డాక్టరు

ఇందాకటి షికాగో నగరానికే మళ్ళీ వెళ్దాం. అక్కడి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పాథాలజీ ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ జనార్దన్ కె. రెడ్డి మన తెలుగువారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదివి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఎం.డి. చేసి అమెరికా వెళ్ళారు. మీడియేటర్ గుంపులో ఒక ముఖ్యమైన సభ్యుణ్ణి పట్టుకున్నవారిలో ఆయన ఒకరు. విచిత్రమేమిటంటే ఆయన వెతుకులాట హార్మోనులతో మొదలుకాలేదు, ఎలుక కాలేయంతో మొదలైంది.

రక్తంలో కొవ్వు తగ్గించే క్లోఫిబ్రేట్ వంటి మందులు ఇస్తే ఎలుకల కాలేయ కణాల్లో పెరాక్సిసోములు అనే చిన్న సంచులు విపరీతంగా పెరుగుతాయని 1960లలో తెలిసింది. రెడ్డిగారు ఈ వింతను దశాబ్దాల తరబడి వదలలేదు. ఇలాంటి మందులను దీర్ఘకాలం ఇస్తే ఎలుకజాతి జంతువుల్లో కాలేయ కాన్సర్ వస్తుందని 1980లో ఆయన బృందం ప్రకటించింది. మనుషుల కాలేయం ఈ విషయంలో ఎలుకల కాలేయంలా స్పందించదు. కనుక ఆ మందులు వాడేవారు భయపడనక్కరలేదు. కాని ప్రశ్న పెద్దది. ఈ మందులు డి.ఎన్.ఏ.ను నేరుగా దెబ్బతీయవు. మరి ఎలా పనిచేస్తున్నాయి? బహుశా ఇవి కూడా ఒక గ్రాహకం ద్వారానే జన్యువులను నడిపిస్తున్నాయేమో!

ఆ గ్రాహకాన్ని 1990లో ఇంగ్లండులో ఇస్మన్, గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పి.పి.ఎ.ఆర్. అని పేరు పెట్టారు. చూస్తే అది స్టెరాయిడ్ గ్రాహకాల కుటుంబంలోదే! అయితే దీనికీ సహాయకులు ఉండాలి కదా? రెడ్డిగారి బృందం వెతకసాగింది.

ఎలా వెతికారంటే, గాలం వేసి. ఈ గ్రాహకంలోని ఒక భాగాన్ని ఎరగా ఈస్ట్ కణాల్లో పెట్టారు. ఎలుక కాలేయంలోని రకరకాల ప్రోటీన్లను ఒక్కొక్క కణంలో ఒక్కొక్కటి తయారయ్యేటట్లు చేశారు. ఎరకు ఏదో ఒక ప్రోటీను అంటుకుంటేనే ఆ ఈస్ట్ కణం బతికి పెరిగేలా ఏర్పాటు చేశారు. భీమిలి బెస్తవాడికి గాలం కదిలితే చేప పడినట్టు తెలుస్తుంది. వీరికి ఈస్ట్ పెరిగితే ప్రోటీను పడినట్టు తెలుస్తుంది! అలా 1997లో పడిన ప్రోటీనుకు పి.బి.పి. అని పేరు పెట్టారు.

తరువాత ఏం జరిగిందో చూడండి. న్యూయార్కులో ఒక ప్రయోగశాల థైరాయిడ్ హార్మోను గ్రాహకానికి తోడుండే ప్రోటీన్లను వెతికింది. అదే నగరంలో మరొక ప్రయోగశాల విటమిన్ డి. గ్రాహకానికి తోడుండేవాటిని వెతికింది. ఎవరి పేర్లు వారు పెట్టుకున్నారు. తీరా పోల్చి చూస్తే ముగ్గురికీ దొరికింది ఒకే ప్రోటీను! ఇప్పుడు అందరూ దాన్ని మెడ్-1 అంటారు. మూడు వీధుల్లో మూడు పేర్లతో పిలిచే మనిషి ఒక్కడేనని తెలిసినట్టయింది. ఈస్ట్రోజన్ గ్రాహకానికి కూడా ఇది సాయపడుతుంది.

ఈ సహాయకుడు ఎంత అవసరం? రెడ్డిగారి బృందం 2000లో మెడ్-1 జన్యువు లేని ఎలుకలను తయారుచేయబోయింది. ఆ పిల్లలు తల్లి కడుపులోనే, పదకొండు పన్నెండు రోజుల దశలోనే చనిపోయాయి. ఎలుకకు గర్భం మొత్తం సుమారు 20 రోజులు. అంటే సగం దారిలోనే ప్రాణం ఆగిపోయింది. అన్ని సహోత్తేజకాలూ ఇంత కీలకం కావు. 1998లో ఎస్.ఆర్.సి.-1 జన్యువును తీసేసిన ఎలుకలు బతికాయి, పిల్లలను కూడా కన్నాయి. కాని వాటి గర్భాశయం, ప్రోస్టేటు గ్రంథి వంటివి హార్మోనులకు స్పందించడం తగ్గింది. దాని పనిని కొంతవరకు దాని చుట్టాలైన ప్రోటీన్లు నెట్టుకొచ్చాయన్న మాట.

షికాగోలో ఆ బృందమే పిమ్ట్ అనే మరో సహాయక ప్రోటీనును కూడా 2001లో ప్రకటించింది. దానిమీద తరువాత మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ పరిశోధనలు జరిగాయి.

అమ్మమ్మ మాత్రకు జవాబు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఈస్ట్రోజన్ గ్రాహకం చివర చిన్న మూతలాంటి భాగం ఉంది. ఈస్ట్రోజన్ గుంటలో కూర్చోగానే మూత చక్కగా పడుతుంది. మూత పక్కన ఒక గాడి ఏర్పడుతుంది. సహోత్తేజకం వచ్చి ఆ గాడిలో ఒదిగి కూర్చుంటుంది. జన్యువు పని మొదలుపెడుతుంది.

టామాక్సిఫెన్ కూడా అదే గుంటలో కూర్చుంటుంది. కాని దాని అణువుకు ఒక పొడవాటి చెయ్యి ఉంది. అది బయటికి పొడుచుకువచ్చి మూతను పక్కకు నెడుతుంది. ఆ మూత పోయి సహోత్తేజకం కూర్చోవలసిన గాడిలోనే అడ్డంగా పడుతుంది. ఇక సహోత్తేజకానికి చోటెక్కడిది? దాని బదులు జన్యువును అణిచి ఉంచే సహనిరోధకాలు అనే ప్రోటీన్లు వచ్చి చేరతాయి. రొమ్ము కణంలో జరిగేది ఇదే. కాన్సర్ కణం పెరుగుదలకు ఈస్ట్రోజన్ సాయం అందదు.

మరి గర్భాశయంలో? గ్రాహకానికి సహోత్తేజకం పట్టుకోగల మరో చోటు కూడా ఉంది. ఆ చోటును టామాక్సిఫెన్ మూసివేయదు. గర్భాశయ కణాల్లో ఎస్.ఆర్.సి.-1 పుష్కలంగా ఉంటే ఆ రెండో చోటు ద్వారా పని సాగిపోతుంది. అమెరికాలో షాంగ్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు 2002లో దీన్ని పరీక్షించారు. ప్రయోగశాలలో పెంచిన గర్భాశయ కణాల్లో ఎస్.ఆర్.సి.-1ను తగ్గించగానే టామాక్సిఫెన్ ఈస్ట్రోజన్ వేషం వేయడం మానింది. రొమ్ము కణాల్లో ఎస్.ఆర్.సి.-1ను పెంచగానే అక్కడా ఆ వేషం వేయసాగింది!

చూశారా? మాత్ర మారలేదు, గ్రాహకం మారలేదు. మారింది చుట్టూ ఉన్న సహాయకుల బలగం. అదే జవాబు.

ఇది బతుకు ప్రశ్న కూడా

ఈ విజ్ఞానం పుస్తకంలో దాచుకునేది కాదు. కొన్ని రొమ్ము కాన్సర్లలో సహోత్తేజకాల జన్యువులు ఒకటికి బదులు అనేక ప్రతులుగా పెరిగిపోయి ఉంటాయని 1997లో ఒక బృందం, 1999లో మెడ్-1 విషయంలో రెడ్డిగారి బృందం చూపించాయి. సహాయకులు అతిగా పెరిగితే హార్మోను కొంచెమే ఉన్నా కణం రెచ్చిపోవచ్చు, మందుకు లొంగకపోవచ్చు. లోపించినా ప్రమాదమే. 2000లో జపాను వైద్యులు ఒకరి సంగతి ప్రకటించారు. ఆ వ్యక్తి శరీరంలో పురుష హార్మోను ఉంది, గ్రాహకం జన్యువులో లోపం లేదు. అయినా శరీరం ఆ హార్మోనుకు స్పందించలేదు. సహోత్తేజకం లేకపోవడమే కారణమై ఉంటుందని వారు నిర్ధారణకు వచ్చారు.

మరో హెచ్చరిక. మోకాళ్ళ నొప్పికో ఆయాసానికో కొందరు డాక్టరును అడగకుండా స్టెరాయిడ్ మాత్రలు కొని మింగుతుంటారు. కార్టిసాల్ గ్రాహకం దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. మీరు మోకాలి కోసం మింగిన మాత్ర ఎముకలోని జన్యువులను, కాలేయంలోని జన్యువులను కూడా కదిలిస్తుంది. ఎముక గుల్లబారవచ్చు, రక్తంలో చక్కెర పెరగవచ్చు. అలాగే చాలాకాలం వాడుతున్నవాళ్ళు ఉన్నట్టుండి మానడమూ ప్రమాదమే. వేసుకోవడమైనా మానడమైనా డాక్టరు చెప్పినట్టే జరగాలి. ఇవి సరైన చోట ప్రాణం నిలిపే మందులు కూడా.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి ఒకే మాట అడిగింది. "అయితే అమ్మమ్మ మాత్ర మానెయ్యాలా మాష్టారూ?"

"వద్దమ్మా. కాన్సర్ తిరిగి రాకుండా ఆ మాత్ర చేసే మేలు చాలా పెద్దది. గర్భాశయానికి వచ్చే ప్రమాదం చిన్నది. చిన్నదే అయినా కన్నేసి ఉంచమన్నారు. డాక్టరుగారి మాటకు కారణం నీకిప్పుడు తెలిసింది కాబట్టి ఆ కన్ను నువ్వే వెయ్యి" అన్నాను. ఆమె తలూపి వెళ్ళింది. మర్నాడు తరగతిలో ఆ మూత, గాడి బొమ్మ బల్లమీద తనే గీసి అందరికీ చెప్పింది.

మీకొక పని. వానలు పడ్డాక చెరువులోనో గుంటలోనో తోకకప్పలు కనబడతాయి. వాటిని బయటికి తీయకుండా, వారానికి రెండుసార్లు గట్టు మీద నుంచే చూసి బొమ్మ గీయండి. మొదట వెనుక కాళ్ళు మొలుస్తాయి. తరువాత ముందు కాళ్ళు. ఆ పైన తోక కరిగిపోతుంది. కాళ్ళు మొలిపించేదీ, తోకను కరిగించేదీ ఒకే థైరాయిడ్ హార్మోను! ఒకే హార్మోను ఒకచోట కట్టడానికీ మరొకచోట కూల్చడానికీ ఎలా కారణమవుతుంది? ఈ వ్యాసం మళ్ళీ ఒకసారి చదివి, మీ మాటల్లో జవాబు రాసి మీ సైన్సు మాష్టారికి చూపించండి.